పదమూడో సంతకానికి సాక్షిని నేను

లాస్ వేగాస్ వెళ్ళొచ్చిన తెలుగువాళ్ళకు కొదవలేదు. వెళ్ళొచ్చి అక్కడి దీపాల గురించి, నాట్యం చేసే నీళ్ళ గురించి చెప్పనివాళ్ళూ లేరు. అందుచేత వాటిని వదిలేస్తాను. నేను వెళ్ళింది పేకముక్కంత అట్టముక్క మీద ఒక మనిషి సంతకం పెడతాడా లేదా చూడడానికి. అట్టముక్క నాది కాదు. ఆ మనిషి పేరు అప్పటిదాకా వినలేదు. అతను ఆడిన ఆట ఏమిటో కూడా తెలియదు. అయినా ఆ ప్రయాణంలో నవ్వినంతగా ఈ మధ్యకాలంలో నేను ఎప్పుడూ నవ్వలేదు.

సన్నీవేల్: ఒక గోడ, రెండు మతాలు

కాలిఫోర్నియాలోని ఆ ఊరి తెలుగు పుస్తకాల మిత్రులు కొందరు మాట్లాడమని పిలిస్తే వెళ్ళాను. తాయెత్తుల మీద, బాబాల పాదుకల మీద, మహాత్ముల గోళ్ళూ వెంట్రుకలూ దాచుకునే పిచ్చి మీద నాకు చేతనైనంత గట్టిగా మాట్లాడాను. అయ్యాక రత్నం వచ్చి చేతులు పట్టుకున్నాడు. బాపట్ల కాలేజీలో నేను తర్కశాస్త్రం చెప్పిన రోజుల్లో మా వాదోపవాదాల జట్టులో ఉండేవాడు. అవతలిపక్షం మాట పూర్తికాకముందే తల అడ్డంగా ఊపే కుర్రవాడు. ఇప్పుడు తల సగం నెరిసింది, ఊపు మాత్రం అలాగే ఉంది.

మర్నాడు వాళ్ళింట్లో భోజనం. భార్య కరుణది పాలకొల్లు దగ్గర. ఇద్దరూ ప్రతి ఆదివారం తెలుగు చర్చికి వెళతారు, ఆమె అక్కడ పాటలు పాడుతుంది. హాలు గోడకు సిలువ. సిలువ కింద అల్మారాలో, శుభ్రమైన తుండుగుడ్డ కప్పి, ఒక ఆల్బమ్.

"ఒకే గోడకి రెండు మతాలు పెట్టావేమిటోయ్?" అన్నాను.

"అడగండి ఆంటీ, బాగా అడగండి," అంది కరుణ. "నా పౌడర్ డబ్బా ఏమైపోయిందో కూడా అడగండి."

ఆల్బమ్ నిండా రగ్బీ లీగ్ ఆటగాళ్ళ బొమ్మల కార్డులు. నున్నగా మెరిసే కార్డు మీద సిరా నిలవదట. ముందు పౌడర్ రుద్ది మెరుపు తగ్గిస్తేనే సంతకం అంటుకుంటుందట. కరుణ పౌడర్ అలా ఆటగాళ్ళ ముఖాలకు ఖర్చయిపోయింది.

కంపెనీవాళ్ళు రత్నాన్ని మొదట ఉత్తర ఇంగ్లండ్‌లో, నూలుమిల్లులు మూతపడిన ఒక చిన్న ఊరికి పంపారు. మొదటి చలికాలం పలకరించే దిక్కులేదు. పక్కింటి ముసలాయన తన మఫ్లర్ ఇచ్చి ఆటకు తీసుకువెళ్ళాడు. అటు పదమూడు మంది, ఇటు పదమూడు మంది. బంతి పట్టుకుని ముందుకు పరుగెత్తాలి, కానీ చేత్తో అందించేటప్పుడు వెనక్కే అందించాలి. అవతలివాళ్ళు పట్టి పడేస్తారు. లేచి, బంతిని కాలితో వెనక్కి దొర్లించి మళ్ళీ మొదలుపెట్టాలి. ఆరుసార్లు పట్టుబడితే బంతి వాళ్ళ పరం. "మన కబడ్డీ వాళ్ళ చేతికి బంతి ఇస్తే ఇదే మేడమ్," అన్నాడు రత్నం. అది నాకు అర్థమైంది.

ఆ ఏడాది ఆ ఊరి జట్టు, పిల్లలు కొనుక్కోవడానికి పదమూడు కార్డులు అచ్చువేసింది. రత్నం మైదానం గోడ దగ్గర వానలో నిలబడి పన్నెండు మంది చేత సంతకాలు పెట్టించాడు. పదమూడోవాడు గ్యారీ అనే అతను. ఇతను దొరకబుచ్చుకునేలోపల ఆస్ట్రేలియా వెళ్ళిపోయాడు. ఇప్పుడు అక్కడి ఒక జట్టుకు సహాయ శిక్షకుడు. ఆ జట్టు లాస్ వేగాస్‌లో ఆడబోతోంది.

"ఎన్నాళ్ళయినా ఉండే కార్డు కదా, మరోసారి చూసుకోవచ్చుగా?"

"లేదు మేడమ్. వీసా ఎక్స్‌టెన్షన్ రాలేదు. వచ్చే నెల ప్రాజెక్ట్ క్లోజ్ అయితే హైదరాబాద్ వెళ్ళిపోవడమే. మళ్ళీ ఆయనా నేనూ ఒకే ఊళ్ళో ఉండే ఛాన్స్ ఎక్కడొస్తుంది?"

"బజార్లో సంతకంతో సహా అమ్మరా?"

అమ్ముతారు. పైన మెరిసే బిళ్ళ అతికించి, 'ఇది అసలైనదే' అని ధ్రువపత్రం కూడా జతచేస్తారు. మన దగ్గర బాబాల విభూతి పొట్లానికి ముద్ర వేసినట్టు. రత్నం వేరే ఆటగాడిది అలాంటిది ఒకటి కొని, పోయిపోయి ఆ ఆటగాడికే చూపిస్తే, "బాబూ, ఇది నా చెయ్యి కాదు" అన్నాడట. ఆ రోజునుంచి ఇతనికి ఒక నియమం.

"నా కళ్ళ ముందు పెట్టిందే సంతకం మేడమ్. మిగతాదంతా సిరా. మీరే కదా చెప్పారు, ప్రత్యక్షమే ప్రమాణం అని."

చార్వాకుల మాటను నేను క్లాసులో చెప్పినది నిజమే. కానీ అది సముద్రాలు దాటి కార్డుల ఆల్బమ్‌లో కాపురం పెట్టిందని తెలియదు. ఆల్బమ్‌ను వెక్కిరించడానికి నోరు తెరిచిన దాన్ని, నియమాన్ని చూసి మూసుకున్నాను.

"మీరూ రండి మేడమ్. కార్లో వెనక సీటు ఖాళీ."

"చర్చిలో ప్రేయర్ రిక్వెస్ట్ కూడా పెట్టానండి ఆయ్," అంది కరుణ. "పాస్టర్ గారు ఎవరికి బాలేదమ్మా అనడిగారు. ఎవరికీ కాదండి, పదమూడో కార్డుకి అన్నాను."

బాదం పూల మధ్య

కొండ కనుమ దాటగానే లోయ అంతా తెల్లగా ఉంది. మంచు అనుకున్నాను. బాదం పూత. మైళ్ళ తరబడి తీర్చిన వరసలు, కింద రాలిన రేకులు, చెట్ల మధ్య అక్కడక్కడ రంగు పెట్టెలు. మనకు మామిడి పూత వస్తే వాసన ముందు వస్తుంది. ఇక్కడ రంగే ముందు వచ్చింది, వాసన కోసం కారు దిగి వెతుక్కోవాల్సి వచ్చింది.

రోడ్డు పక్కన ఒక సర్దార్జీ బాదంపప్పు, తేనె అమ్ముతున్నాడు. తోట ఆయనదే. ఆ పెట్టెల్లో ఉన్నవి తేనెటీగలు, పూత సమయానికి దూర రాష్ట్రాలనుంచి లారీల మీద వస్తాయి, పని కాగానే మళ్ళీ లారీ ఎక్కుతాయి.

"కాంట్రాక్ట్ జాబ్ అన్నమాట," అన్నాడు రత్నం.

"వాటికి వీసా గొడవ లేదు," అన్నాడు సర్దార్జీ. ఇద్దరూ అన్నదమ్ముల్లా నవ్వుకున్నారు.

కరుణ పెట్టెల దగ్గరకు రానంది. తేనెటీగ కారణం లేకుండా కుట్టదనీ, భయం అజ్ఞానంలోంచి పుడుతుందనీ చెబుతూ నేను ముందుకు నడిచాను. కుట్టింది. బొటనవేలి మీద. సర్దార్జీ ఉల్లిపాయ కోసి రుద్దాడు. కాసేపటికి మంట తగ్గింది.

"చూశారా, ఉల్లిపాయ ఎలా పనిచేసిందో," అన్నాడాయన.

"ఉల్లిపాయ రుద్దకపోయినా ఈపాటికి తగ్గేదేమో. రెండో వేలికి కూడా కుట్టించుకుని, దానికి ఏమీ రాయకుండా చూస్తే కదా తెలిసేది."

ఆయన నన్నూ, పెట్టెలనూ మార్చి మార్చి చూసి, ఒక చిన్న తేనె సీసా ఉచితంగా ఇచ్చి పంపించేశాడు. కారణం లేకుండా కుట్టదన్న నా సిద్ధాంతం ఇప్పటికీ చెక్కుచెదరలేదు. ఆ కారణమేమిటో మాత్రం తేలలేదు.

బేకర్స్‌ఫీల్డ్: పొడుగు బల్ల

ఆ సాయంత్రం భోజనం నేను మరిచిపోలేనిది. ఎప్పుడో స్పెయిన్, ఫ్రాన్స్ సరిహద్దు కొండలనుంచి గొర్రెలు కాయడానికి వచ్చిన బాస్క్ జాతివాళ్ళు ఈ ఊళ్ళో స్థిరపడ్డారు. వాళ్ళ పూటకూళ్ళ ఇళ్ళు ఇంకా నడుస్తున్నాయి. లోపల పెళ్ళిపందిట్లో వేసేలాంటి పొడుగు బల్లలు. విడివిడిగా కూర్చోవడం కుదరదు. ఖాళీ ఉన్నచోట, ఎవరి పక్కనైనా సరే కూర్చోవాలి. పెద్ద గిన్నెలో సూపు వస్తుంది. మీరు వడ్డించుకుని పక్కవాడికి అందించాలి. తరవాత చిక్కుడుగింజలు, రొట్టె, ఊరవేసిన ఆవు నాలుక, మాంసం, అన్నీ అదే పద్ధతి.

దీన్ని సహపంక్తి భోజనం అంటాం. మన దగ్గర దీనికోసం పెద్దలు ఉద్యమాలు నడిపారు, వెలివేతలు భరించారు, రాళ్ళదెబ్బలు తిన్నారు. ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలో ఇప్పటికీ గీతలు గీసుకునే ఊళ్ళు మనకున్నాయి. ఇక్కడ వడ్డించే ముసలావిడ "ఇటు జరుగు తల్లీ" అని భుజం పట్టుకుని ఒక లారీ డ్రైవరుకూ, ఒక జడ్జీ గారికీ మధ్య నన్ను కూర్చోబెట్టింది. వాళ్ళు ఫలానా అని మొదటి గిన్నె ఖాళీ అయ్యాక గానీ తెలియలేదు. ధర మనిషికి ముప్ఫై డాలర్ల పైచిలుకు. రూపాయల్లోకి మార్చుకుంటే నాలుక గొంతు దిగదు, మార్చుకోకూడదు.

నేను నాలుక తిన్నాను. రత్నం రెండుసార్లు వేసుకున్నాడు. కరుణ ఆ గిన్నెను కళ్ళు మూసుకుని పక్కవాళ్ళకు అందించింది.

లారీ డ్రైవరు రత్నం ఒళ్ళో ఆల్బమ్ చూసి, "బేస్‌బాలా?" అన్నాడు. రగ్బీ లీగ్ అంటే తెలియదన్నాడు. జడ్జీ గారికీ తెలియదు. రత్నం ఊరుకుంటాడా? లేచి, రొట్టెను బంతిలా చంకలో పెట్టుకుని, బల్లకూ గోడకూ మధ్య సందులో పరుగెత్తి చూపించాడు. డ్రైవరు సరదాపడి అడ్డంగా వచ్చి నడుం పట్టుకున్నాడు. రొట్టె వెనక్కి విసిరితే అది జడ్జీ గారి సూపులో పడింది.

"ముందుకు విసిరితే తప్పు," అన్నాడు రత్నం రొప్పుతూ.

"ఇది తప్పు కాదా?" అన్నారు జడ్జీ గారు, చొక్కా తుడుచుకుంటూ. బల్ల బల్లంతా నవ్వింది. ముసలావిడ ఇంకో గిన్నె సూపు తెచ్చిపెట్టి, రత్నం చేతిలోంచి రెండో రొట్టె లాగేసుకుంది.

పద్నాలుగో అంతస్తు అనబడే చోట

ఎడారిలో చూడవలసినవి చాలా ఉన్నాయంటారు. నేను ఎక్కువభాగం నిద్రపోయాను. మెలకువ వచ్చేసరికి నెవాడా సరిహద్దు, సరిహద్దు గీత మీదే జూదశాల. పెట్రోలు కోసం ఆగితే, అక్కడ ఒక పెద్దమనిషి జూదపు యంత్రం మీట లాగేముందు దాని నెత్తిమీద మూడుసార్లు తట్టడం చూశాను. ఎందుకని అడిగాను. అలా తడితే డబ్బు పడుతుందన్నాడు. పడిందా? ఇంకా లేదన్నాడు. ఎన్నాళ్ళుగా తడుతున్నారు? "రిటైరైనప్పటినుంచి."

లాస్ వేగాస్ హోటల్లో మా గది పద్నాలుగో అంతస్తులో. లిఫ్టులో బొత్తాలు చూశాను. పన్నెండు తరవాత పద్నాలుగు. పదమూడు లేదు. కౌంటరులో ఉన్న అమ్మాయిని అడిగితే, ఆ అంకె కలిసిరాదని అతిథులు అనుకుంటారంది.

"అమ్మాయీ, బయటనుంచి లెక్కపెడితే మా గది పదమూడో అంతస్తే కదా?"

ఆమె ఆలోచించి, "మేడమ్, దయచేసి బయటనుంచి లెక్కపెట్టకండి," అంది.

చంద్రుడి మీద మనుషుల్ని దింపిన దేశంలో లిఫ్టు బొత్తాన్ని దింపలేకపోయారు. మన వాస్తుపండితులు వచ్చి ఈశాన్యం మూల గోడ పగలగొట్టించినప్పుడు, 'అమెరికావాడు ఇలా చేస్తాడా?' అని నేను చాలా సభల్లో అడిగాను. ఇక అడగను. చేస్తాడు. గోడ పగలగొట్టకుండా అంతస్తునే మాయం చేస్తాడు. ఈ విషయం నేను రత్నానికీ కరుణకూ లిఫ్టులో, వరండాలో, గదిలో చెప్పాను.

"ఆంటీ," అంది కరుణ, "మన కార్డు కూడా పదమూడోదే. కొంచెం మెల్లిగా."

పాత బజారు వీధి

ఆటకు ముందురోజు పాత బజారు వీధిలో అభిమానుల కోసం జాతర. వీధి మొత్తానికి పైకప్పు, కప్పంతా బొమ్మలు కదిలే తెర. ఆస్ట్రేలియానుంచీ ఇంగ్లండునుంచీ వచ్చినవాళ్ళు రంగురంగుల జట్టు చొక్కాల్లో కిక్కిరిసి ఉన్నారు. చివర ఒక వేదిక దగ్గర ఆటగాళ్ళు వరసగా కూర్చుని సంతకాలు పెడుతున్నారు. గ్యారీ శిక్షకుడు కాబట్టి ఆ వరసలో ఉండడు. అతను ఎప్పుడు, ఎటునుంచి వస్తాడో కనుక్కోవాలి. అక్కడివాళ్ళను అడుగుదామని రత్నం సంతకాల క్యూలోకి దూరాడు. మొదటి మలుపులోనే ఇంగ్లండులో తను ఉండొచ్చిన ఊరినుంచే వచ్చిన డోరీన్ అనే ఆవిడతో స్నేహం కలిపేశాడు. టోపీనిండా బిళ్ళలు గుచ్చుకున్న ముసలావిడ, చేతిలో ఇతనిలాంటిదే ఆల్బమ్.

నా మోకాళ్ళు నిలబడనివ్వవు. పదమూడో కార్డుకు పొద్దునే పౌడర్ రుద్ది ఉంచిన ఆల్బమ్, పెన్ను, కరుణ అల్లం టీ పోసిచ్చిన ఫ్లాస్కు పెట్టుకుని దూరంగా బెంచీ మీద కూర్చున్నాను. కరుణ తన బ్యాగుతో సహా టాయిలెట్ వెతుక్కుంటూ వెళ్ళింది.

బెంచీ రెండో చివర ఒకాయన వచ్చి కూర్చున్నాడు. బట్టతల, ఒకపక్కకు ఒరిగిన ముక్కు, ఏదో జట్టు జాకెట్. చేతిలో కాగితం కప్పు. ఒక గుక్క తాగి, కప్పులోకి చూసి, "గోరువెచ్చటి నీళ్ళలో దారం వేలాడదీసి టీ అంటారు," అన్నాడు. నాతో కాదు, కప్పుతో.

నేను ఫ్లాస్కు మూత తిప్పి పోసి అందించాను. తాగాడు. కళ్ళు మూసుకున్నాడు.

"ఇందులో ఏముంది?"

"అల్లం, ఏలక్కాయ. పాలలో మరగాలి. ముంచి తీసేది కాదు."

ఇంకొంచెం పోయమని కప్పు చాపి, ఆల్బమ్ చూసి, "మీరూ కార్డులు పోగేస్తారా?" అన్నాడు.

"లేదు. ఇది నా శిష్యుడిది. నేను ఇలాంటివాటికి వ్యతిరేకిని. మనుషుల్ని పట్టుకుని దేవుళ్ళను చేస్తాయి."

"చూడొచ్చా?"

తెరిచాడు. మొదటి కార్డు చూడగానే పెద్దగా నవ్వాడు. "వీడు దేవుడా? బస్సులో మా అందరి రొట్టెలూ వీడే తినేవాడు." రెండో కార్డు. "వీడికి ఈత రాదు. కుక్క దూకిందని కాలవలో దూకాడు. కుక్కే వీణ్ణి లాక్కొచ్చింది." ఇలా ఒక్కొక్కరి బండారం బయటపెడుతూ పేజీ తిప్పాడు. చివరి జేబులో సంతకం లేని కార్డు. గాలికి ఎగురుతున్న జుట్టుతో ఒక కుర్రవాడు.

"ఈ జుట్టున్నవాణ్ణి నేనెరుగుదును," అని తన బట్టతల తడుముకున్నాడు.

 రత్నానికి ఫోన్ చేశాను. ఎత్తలేదు. వేదిక మీద డప్పులు. ఇంకోసారి చేశాను. అంతలో నెత్తిమీద చిన్న జెండా ఎత్తి పట్టుకున్న మనిషి వచ్చి, "గ్యారీ, బస్సు," అన్నాడు.

"వస్తున్నా. పెన్నుందా అమ్మా?"

ఇక్కడ నేను ఆలోచించవలసి వచ్చింది. ఈ కార్డు రత్నం దగ్గర ఒక్కటే ఉంది. ఒకసారి సిరా పడితే పడ్డట్టే, మళ్ళీ అతని కళ్ళ ముందు పెట్టించడానికి చోటుండదు. వద్దంటే అతని నియమం మిగులుతుంది, జేబు మాత్రం బహుశా ఎప్పటికీ ఖాళీ. పెట్టమంటే జేబు నిండుతుంది, ఆ నిండినదాన్ని అతను ఒప్పుకోకపోవచ్చు. రేపు ఇతను దొరుకుతాడని ఎవరు హామీ ఇస్తారు? పెన్ను ఇచ్చాను.

"ఎవరి పేరున?"

నా పుస్తకం కొన్నవాళ్ళు సంతకం అడిగితే నేను మొదట అడిగేదీ అదే. పేరు రాయకుండా గీకి ఇవ్వడం మన దగ్గర మర్యాద కాదు. "రత్నం," అన్నాను. అక్షరం అక్షరం చెప్పాను. అతను ఎడమచేత్తో, మణికట్టు వంకరగా మడిచి, పేరుతో ఆగకుండా ఇంకా ఏదో రాశాడు. ఉఫ్ అని ఊది, ఆరడానికి ఫ్లాస్కుకు ఆనించి నిలబెట్టి, కప్పు ఖాళీచేసి, నాకు దండంలాంటిది పెట్టి వెళ్ళిపోయాడు.

విచారణ

రత్నం, డోరీన్ వచ్చారు. వెనకాలే కరుణ. జరిగింది చెప్పాను. రత్నం ముఖం ముందు వెలిగింది. తరవాత ఆరింది.

"నేను చూడలేదు మేడమ్."

"మేడమ్ గారు చూశారుగా," అంది కరుణ.

"మేడమ్ చూస్తే అది మేడమ్‌కి ప్రత్యక్షం. నాకు వినికిడేగా."

నాకు కోపం రావాలి. గర్వం వచ్చింది. వెంటనే దిగులు కూడా వచ్చింది, ఎందుకంటే వాడు చెప్పింది నిజం.

"పేరు రాయించారా?" అంది డోరీన్, కార్డు మీదికి వంగి, నాలుక చప్పరించి. కార్డుల లోకంలో పేరు రాయించరట. పేరున్న కార్డు ఇంకొకరికి పనికిరాదు, మారకానికి పోదు. నేను మర్యాద అనుకున్నది అక్కడ మచ్చ. రత్నం ఆల్బమ్‌లో ఖాళీ అయిన పదమూడో జేబును వేలితో తడిమాడు. 

"గురువునని నా మాట నమ్మొద్దు," అన్నాను. "నమ్మితే ఇన్నేళ్ళూ నేను చెప్పిన చదువు దండగ. అడుగు. అడ్డంగా అడుగు."

అతను తల అడ్డంగా ఊపాడు. అదే పాత ఊపు. బెంచీ ముందు నిలబడి మొదలుపెట్టాడు.

"ఏ చేత్తో రాశాడు?"

"ఎడమ."

"ఎడమచెయ్యి అని ఎవరైనా ఊహించి చెప్పొచ్చు. సగానికి సగం ఛాన్స్."

"మణికట్టు కొడవలిలా మడిచాడు."

"ఏం మాట్లాడాడు?"

"మొదటి కార్డాయన అందరి రొట్టెలూ తినేవాడట. రెండో ఆయన్ని కుక్క కాలవలోంచి లాక్కొచ్చిందట."

డోరీన్ నోటిమీద చెయ్యి వేసుకుంది. ఆ కుక్క సంగతి వాళ్ళ ఊరివాళ్ళకు తప్ప తెలియదట.

"మీరేమన్నారు?"

"ఇవన్నీ మనుషుల్ని దేవుళ్ళను చేస్తాయన్నాను. టీ ఎలా పెట్టాలో చెప్పాను."

"గ్యారీకి క్లాసు పీకారా ఆంటీ," అంది కరుణ.

"కార్డు మీద ఏం రాశాడు?"

"తెలియదు. దగ్గరవి చదవాలంటే నాకు కళ్ళజోడు కావాలి. అది కరుణ బ్యాగులో ఉంది."

కరుణ బ్యాగు తెరిచి కళ్ళజోడు పైకెత్తి అందరికీ చూపించింది. రత్నం కార్డును అంచులు మాత్రమే పట్టుకుని వెలుతురుకు తిప్పాడు. కోడి గెలికినట్టుంది రాత. మెల్లిగా, మాట వెంట మాట, తెలుగు చేస్తూ చదివాడు:

"రత్నానికి. నువ్వు ఇక్కడ లేవు. ఉన్న ఆవిడ దేవుళ్ళు వద్దంటోంది, టీ మాత్రం దివ్యంగా పోసింది. గ్యారీ."

అతను ఇంకోసారి చదివాడు, ఈసారి నోట్లోనే. తరవాత నెమ్మదిగా, వాదన ముగించే గొంతుతో అన్నాడు:

"మేడమ్, చదవకముందే మీరు చెప్పిన మాటలే ఇందులో ఉన్నాయి. పైగా దొంగసంతకం చేసేవాడు అమ్ముకోడానికి చేస్తాడు. అమ్ముకునేవాడు పేరు రాయడు. రాసినా, ఆ పేరుగలవాడు అక్కడ లేడని అసలే రాయడు. మీరు పేరు రాయించకపోయి ఉంటే నా దగ్గర ప్రూఫ్ ఉండేది కాదు."

"ఇది ప్రత్యక్షం కాదోయ్. అనుమాన ప్రమాణం. పొగను చూసి నిప్పుందని తేల్చడం."

"చార్వాకులు ఒప్పుకోరు."

"వాళ్ళ దగ్గర ఆల్బమ్ లేదు."

రత్నం నవ్వాడు. కార్డును పదమూడో జేబులోకి దించి, వేలితో ఒకసారి పైనుంచి నొక్కాడు. డోరీన్ నా వీపు మీద గట్టిగా ఒక్కటి చరిచింది. అక్కడ అది అభినందనట.

"టీ పెట్టింది నేను," అంది కరుణ. "దాని సంగతి ఒక్కరూ రాయలేదు. పాస్టర్ గారికి ఫోన్ చేస్తా, ప్రేయర్ వర్కయిందని."

"అల్లం వర్కయింది," అన్నాను.

"అల్లం పుట్టించింది ఎవరండి?"

ఆ చర్చ భోజనాలదాకా నడిచింది. ఎవరూ ఓడలేదు.

మైదానం

ఆట గురించి రాయడానికి నాకు అర్హత లేదు. వేలమంది ఒక్క గొంతుతో అరుస్తుంటే, ఎందుకో తెలియకుండానే నేనూ అరిచాను. పెద్ద పెద్ద మనుషులు ఒకరినొకరు కుదేసుకుని, వెంటనే చెయ్యి అందించి లేపడం నాకు నచ్చింది. మన చట్టసభల్లో మొదటి సగమే నేర్చుకున్నారు. వేగించిన బంగాళాదుంపల పొట్లం పద్దెనిమిది డాలర్లు. నేను మళ్ళీ రూపాయల్లోకి మార్చలేదు.

విరామంలో రత్నం మోచేత్తో పొడిచాడు. కింద, కంచె పక్కనుంచి, జట్టు జాకెట్‌లో ఒక బట్టతల నడుస్తోంది.

"పో," అన్నాను. "సాక్షి దొరికాడు. నోటితో చెప్పిస్తే అసలు గొడవే ఉండదు."

రత్నం మెట్లు రెండేసి చొప్పున దిగి పరుగెత్తాడు. ఆల్బమ్ కరుణ ఒళ్ళోనే వదిలేశాడు. కంచె దగ్గర గ్యారీ ఆగాడు. ఇద్దరూ చేతులు కలుపుకున్నారు. ఏదో మాట్లాడుకున్నారు. గ్యారీ వంగి తన కుడిమోకాలు మీద చెయ్యి పెట్టాడు. రత్నం కూడా వంగి చూశాడు. ఇద్దరూ ఆ మోకాలిని చూస్తూ కాసేపు నిలబడ్డారు. తరవాత ఆయన రత్నం భుజం తట్టి వెళ్ళిపోయాడు.

రత్నం రొప్పుతూ పైకి వచ్చి కూర్చున్నాడు.

"అడిగావా?"

"అడిగాను మేడమ్. ఆస్ట్రేలియా వెళ్ళబోయే ముందు చివరి ఆటలో మోకాలు విరిగింది. స్ట్రెచర్ మీద తీసుకెళ్ళారు. అప్పట్నుంచి ఎలా ఉందో తెలీదు. ఎలా ఉందని అడిగాను."

"సంతకం?"

"చలికి కొంచెం పట్టేస్తుందట. వేడినీళ్ళ కాపడం పెడతాడట."

"సంతకం సంగతి అడగలేదా? ఎదురుగా నిలబడ్డాడు కదోయ్. ఒక్క ప్రశ్న. సందేహం పూర్తిగా తీరిపోయేది."

"సందేహం లేదు మేడమ్," అన్నాడు రత్నం, మైదానం వైపే చూస్తూ. "మోకాలి సంగతే తెలీలేదు."